త్వచాల ద్వారా నీటి నుంచి ఫినాళ్లను వేరుచేసి తిరిగి రాబట్టడం: మూసీ సాగునీటి దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

నీటిలో కరిగిన ఫినాళ్లను త్వచాల సాయంతో రెండు విధాలుగా వేరుచేయవచ్చు. మొదటిది, త్వచం ఫినాల్‌ను ఆపి నీటిని పోనిచ్చే పద్ధతి. రెండవది, నీటిని ఆపి ఫినాల్‌ను పోనిచ్చి, ఆవలి వైపున దానిని క్షారంతో బంధించే పద్ధతి. వీటిలో ఫినాల్‌ను నిజంగా తిరిగి రాబట్టగలిగేది రెండవదే. అయితే గాఢత లీటరుకు గ్రాముల స్థాయిలో ఉన్నప్పుడే అది ఫలిస్తుంది. ఫినాల్ నగర మురుగులో కలిసి మిల్లీగ్రాముల స్థాయికి పలుచబడిన తరువాత ఏ త్వచమూ దానిని లాభసాటిగా వెనక్కి తేలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల సమీపాన ప్రవహించే మూసీని, నాగోలు మురుగు శుద్ధి కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని లెక్కలతో వివరించి, విస్తరణ శాస్త్రవేత్తలకు కొన్ని సూచనలు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫినాల్, త్వచం, సిలికోన్ రబ్బరు, మూసీ, మురుగునీటి సేద్యం, పారా గడ్డి

ఉపోద్ఘాతం

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు నగరాన్ని దాటి తూర్పుగా సాగే దారిలో మూసారాంబాగ్, చైతన్యపురి, నాగోలు ప్రాంతాలను ఒరుసుకుంటూ పోతుంది. వేసవిలోనూ ఇక్కడ ప్రవాహం ఆగదు, కారణం నగరపు మురుగునీరు. మూసీ నదీ సంరక్షణ పథకం తొలి దశలో అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల, నాగోలులో 172 మిలియన్ లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కేంద్రాలు నెలకొన్నాయి. నగరానికి దిగువన ఈ నీటితోనే పారా గడ్డి, ఆకుకూరలు, మరింత దిగువన కత్వాల కింద వరి పండుతున్నాయి. గడ్డి నగర శివారు పాడిపశువులకు మేతగా చేరుతుంది.

ఈ ఆయకట్టులో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురుకాగల ప్రశ్న ఒకటున్నది. ఇంట్లో తాగునీటికి ఆర్.ఓ. యంత్రం పెట్టుకున్నట్టే పొలానికి వచ్చే నీటికీ ఒక వడపోత పెడితే మందుల కంపెనీల వాసన, ఫినాయిల్ వాసన పోతాయి గదా అన్నది ఆ ప్రశ్న. అది అమాయకమైన ప్రశ్న కాదు. దానికి సరైన సమాధానం చెప్పాలంటే త్వచం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో, ఎక్కడ చేయగలదో తెలిసి ఉండాలి.

ఫినాళ్ల స్వభావం, మూలాలు

బెంజీన్ వలయానికి హైడ్రాక్సిల్ సమూహం నేరుగా అతికి ఉన్న పదార్థాలన్నీ ఫినాళ్లే. వాటిలో సరళమైన ఫినాల్‌ను 1834లో రుంగే బొగ్గు తారు నుంచి వేరుచేశాడు. దాని అణుభారం 94. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో సుమారు 80 గ్రాములకు పైగా కరుగుతుంది. నీటిలో ఇంత సులభంగా కలిసిపోయే గుణం వల్లనే దానిని వేరుచేయడం కష్టమవుతున్నది.

మురుగునీటికి ఫినాళ్లు పలు దారుల్లో చేరుతాయి. ఔషధ, రంగు, రెజిన్ పరిశ్రమలు, ఉక్కు కర్మాగారాల కోక్ బట్టీలు ప్రధాన పారిశ్రామిక మూలాలు. హైదరాబాదుకు సంబంధించినంతవరకు, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీరు సుమారు 18 కి.మీ. గొట్టపు మార్గం ద్వారా నగర మురుగు వ్యవస్థకు, అక్కడి నుంచి అంబర్‌పేటకు చేరే ఏర్పాటు ఉన్నది. కాబట్టి నగరానికి పడమరన ఉన్న పరిశ్రమల నీటికీ తూర్పున ఉన్న పొలాలకూ సంబంధం లేదనుకోవడం పొరపాటు. గృహాల పాత్ర కూడా విస్మరించదగినది కాదు. వసతి గృహాలు, శిక్షణ కేంద్రాలు, ఆసుపత్రులు కిక్కిరిసిన దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతంలో నేలలు కడిగే నల్ల ఫినాయిల్, గాయాలకు వాడే క్రిమిసంహారక ద్రవాలు నేరుగా మురుగు కాలువకే పోతాయి. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి తారు సంబంధిత ఫినాళ్లే.

మొక్కలు కూడా ఫినాళ్లను తయారుచేస్తాయి. వరిగడ్డి నీటి అడుగున కుళ్లినప్పుడు వెలువడే పారా–కౌమారిక్, ఫెరూలిక్, వెనిల్లిక్ ఆమ్లాలు లేత నారు వేళ్ల పెరుగుదలను అణచివేస్తాయన్నది సేద్య శాస్త్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. అందువల్ల నీటిలో ఫినాళ్లు ఉన్నాయన్నంత మాత్రాన అవన్నీ కర్మాగారం నుంచే వచ్చాయని నిర్ధారించరాదు.

తక్కువ గాఢతలో ఉన్న ఫినాల్‌ను సూడోమోనాస్ వంటి బాక్టీరియాలు ఆహారంగా వాడుకుంటాయి. గాలి ఆడే నేలలో అది కొద్ది రోజుల్లోనే విచ్ఛిన్నమవుతుంది. నీరు నిలిచిన వరి మడిలో ఈ క్రియ నెమ్మదిస్తుంది. ఒక గ్రాము ఫినాల్ పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి 2.38 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాఢత పెరిగితే అదే ఫినాల్ ఆ బాక్టీరియాలకే విషమవుతుంది. క్లోరిన్ పరమాణువులు చేరినకొద్దీ విచ్ఛిన్నం మరింత కష్టమవుతుంది. పెంటాక్లోరోఫినాల్ మన దేశంలో నిషేధిత పురుగుమందుల జాబితాలో ఉండటానికి ఈ మొండితనం కూడా ఒక కారణం.

ప్రమాణాలు: ఖాళీగా ఉన్న గడి

తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 ప్రకారం ఫినాళ్ల ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 0.001 మి.గ్రా.; వేరే నీటి వనరు లేనప్పుడు 0.002 మి.గ్రా. వరకు అనుమతి ఉన్నది. ఈ లెక్కన ఒక కిలో ఫినాల్ 100 కోట్ల లీటర్ల నీటిని ఆమోదయోగ్య పరిమితి అంచుకు చేర్చగలదు. పరిమితి ఇంత కఠినంగా ఉండటానికి రుచి, వాసనలు ఒక ముఖ్య కారణం. ఫినాల్ ఉన్న నీటికి క్లోరిన్ కలిపితే క్లోరోఫినాళ్లు ఏర్పడతాయి. వాటి దుర్వాసన లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల వద్దనే తెలుస్తుంది.

వ్యర్థజలాల విడుదలకు పర్యావరణ (పరిరక్షణ) నియమావళి, 1986లోని ఆరవ షెడ్యూలు సాధారణ ప్రమాణాలను నిర్దేశిస్తుంది. ఫినాళ్లకు నదులు, చెరువుల వంటి ఉపరితల జలాలకు లీటరుకు 1 మి.గ్రా., ప్రజా మురుగు కాలువలకు 5 మి.గ్రా., సముద్ర తీరానికి 5 మి.గ్రా. పరిమితి ఉన్నది. అదే పట్టికలో సాగుకు వదిలే నీటి గడిలో బి.ఓ.డి.కి 100, నూనె–గ్రీజుకు 10, సయనైడ్‌కు 0.2 మి.గ్రా. అని అంకెలున్నాయి. ఫినాళ్లకు మాత్రం ఆ గడి ఖాళీగా ఉన్నది. అంటే పొలంలో పారే నీటిలో ఫినాల్ ఎంత ఉండవచ్చునో ఈ పట్టిక చెప్పదు. పరిమితి లేకపోవడాన్ని ప్రమాదం లేకపోవడంగా భావించరాదు. పరిమితి లేనిచోట కొలత కూడా సాధారణంగా జరగదన్న విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్త గుర్తించాలి.

ఆపే త్వచాలు: పి.హెచ్. పాత్ర

ఆర్.ఓ. త్వచం ఉప్పును 99 శాతం వరకు ఆపగలదు. ఫినాల్‌ను అంతగా ఆపలేదు. ఉప్పు నీటిలో విద్యుదావేశం గల అయాన్లుగా ఉంటుంది. ఆవేశం వల్ల, చుట్టూ చేరిన నీటి అణువుల వల్ల అది త్వచంలోకి సులభంగా చొరబడదు. ఫినాల్ చిన్న అణువు, ఆవేశం లేనిది, పైగా త్వచపు పాలిఎమైడ్ పదార్థంతో దానికి చెలిమి ఎక్కువ. అందువల్ల అది త్వచంలో కరిగి, మెల్లగా ఆవలికి జారుకుంటుంది.

ఫినాల్ బలహీన ఆమ్లం. దాని పి.కె.ఎ. విలువ సుమారు 10. పి.హెచ్. 10 వద్ద సగం అణువులు ఫినొలేట్ అయాన్లుగా మారతాయి, 11 వద్ద 91 శాతం మారతాయి. మురుగునీటిలో సాధారణమైన 7.5 వద్ద మారేది 0.3 శాతమే. అయాన్‌గా మారిన ఫినాల్‌ను త్వచం బాగా ఆపుతుంది. కాబట్టి క్షారం కలిపి పి.హెచ్. పెంచితే ఆర్.ఓ., నానో వడపోతల పనితీరు మెరుగవుతుంది.

ఫినాళ్లన్నీ ఈ విషయంలో ఒకేలా ఉండవు. 2,4–డి కలుపుమందు విచ్ఛిన్నమైతే వచ్చే 2,4–డైక్లోరోఫినాల్ పి.కె.ఎ. సుమారు 7.9, మిథైల్ పారాథియాన్ నుంచి వచ్చే 4–నైట్రోఫినాల్‌ది 7.2, పెంటాక్లోరోఫినాల్‌ది 4.7. పి.హెచ్. 7.5 వద్ద 4–నైట్రోఫినాల్‌లో మూడింట రెండు వంతులు, పెంటాక్లోరోఫినాల్ దాదాపు పూర్తిగా అయాన్ల రూపంలోనే ఉంటాయి. ఒకే త్వచం ఒక ఫినాల్‌ను ఆపి మరొకదానిని వదిలివేయడానికి ప్రధాన కారణం ఈ వ్యత్యాసమే.

ఆపే పద్ధతికి మరొక పరిమితి ఉన్నది. త్వచం ఫినాల్‌ను నాశనం చేయదు. నీటిని రెండు పాయలుగా చీల్చి, ఒక పాయలో ఫినాల్‌ను, ఉప్పులను కుదిస్తుంది. ఆ రెండవ పాయను ఎక్కడ పారబోయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పొలం గట్టున పెట్టిన వడపోత నుంచి వచ్చే ఆ పాయ మళ్లీ కాలువలోకే పోతే దిగువ రైతుకు చేరేది మరింత చెడ్డ నీరు.

రాబట్టే త్వచాలు

రెండవ పద్ధతిలో త్వచం పని తలకిందులవుతుంది. సిలికోన్ రబ్బరు నీటిని ఇష్టపడని, రంధ్రాలు లేని పదార్థం. ఉప్పులు దానిలో కరగవు, నీరు అతి స్వల్పంగా కరుగుతుంది, అయాన్ కాని ఫినాల్ కరుగుతుంది. సన్నని సిలికోన్ గొట్టాలకు ఒక వైపు ఫినాల్ కలిసిన వ్యర్థజలాన్ని, మరొక వైపు కాస్టిక్ సోడా ద్రావణాన్ని ఉంచితే, ఫినాల్ గొట్టపు గోడలో కరిగి, వ్యాపనం ద్వారా ఆవలికి చేరి, అక్కడ క్షారంతో కలిసి సోడియం ఫినొలేట్ అవుతుంది. ఫినొలేట్ అయాన్ సిలికోన్‌లో కరగదు కనుక అది తిరిగి రాలేదు. లండన్ ఇంపీరియల్ కళాశాలలో లివింగ్‌స్టన్ బృందం అభివృద్ధి చేసిన ‘మార్స్’ అనే విధానానికి ఇదే ఆధారం. ఫినాళ్లకు సంబంధించిన దాని వివరాలు 2001లో వెలువడ్డాయి.

తరువాతి దశలో ఫినొలేట్ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే ఫినాల్ మళ్లీ తన రూపానికి వస్తుంది. దాని మొత్తం ద్రావణీయతను మించి ఉండటం వల్ల ద్రావణం రెండు పొరలుగా విడిపోతుంది. ఫినాల్ అధికంగా ఉన్న పొరను పరిశ్రమ తిరిగి వాడుకోవచ్చు. ఉప్పు నీటి పొరలో కొంత ఫినాల్ మిగులుతుంది కనుక దానిని మొదటి తొట్టికి మళ్లిస్తారు.

ఇదే సూత్రం ద్రవ త్వచాలలోనూ కనిపిస్తుంది. కాస్టిక్ సోడా బిందువులను కిరోసిన్ వంటి నూనెలో ఎమల్షన్‌గా చేసి, ఆ ఎమల్షన్‌ను వ్యర్థజలంలో కలియబెడితే నూనె పొరే త్వచంగా పనిచేస్తుంది. 1968లో ఎక్సాన్ పరిశోధకుడు నార్మన్ లీ పేటెంటుతో మొదలైన పద్ధతి ఇది. ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ కనుక వేగం ఎక్కువ. కాని సబ్బులు, డిటర్జెంట్లు ఉన్న నీటిలో ఎమల్షన్ చెదిరి, లోపల బంధించిన ఫినాల్ తిరిగి నీటిలో పడుతుంది. మూడవ రూపమైన పెర్వాపరేషన్‌లో త్వచానికి ఆవలి వైపున శూన్యం కల్పిస్తారు. ఫినాల్ మరిగే ఉష్ణోగ్రత 182 డిగ్రీల సెల్సియస్ అయినా, పాలిఈథర్ బ్లాక్ ఎమైడ్ త్వచం దానిని నీటికంటే మిన్నగా పోనిస్తుందని జర్మనీలో బొడెకర్ బృందం 1990 ప్రాంతంలో చూపింది. ఆవిరి చేయడానికి అయ్యే ఉష్ణశక్తి దీని ప్రధాన వ్యయం.

త్వచ శాస్త్రం హైదరాబాదుకు కొత్త కాదు. మూసీకి ఉత్తరాన తార్నాకలో 1944 నుంచి ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో త్వచాలపై ప్రత్యేక పరిశోధన జరుగుతున్నది. కాబట్టి ఇక్కడ కొరతగా ఉన్నది విద్య కాదు. ఆ విద్యను ఏ చోట ప్రయోగించాలన్న నిర్ణయమే ముఖ్యం.

గాఢత లెక్క: నాగోలు ఉదాహరణ

క్షార త్వచ పద్ధతిని నడిపించేది రెండు వైపులా ఉన్న స్వేచ్ఛా ఫినాల్ గాఢతల మధ్య తేడా. క్షారం వైపు పి.హెచ్. 13 ఉంటే, అక్కడి ఫినాల్‌లో సుమారు 0.1 శాతమే స్వేచ్ఛగా ఉంటుంది. ఆ ద్రావణంలో లీటరుకు 100 గ్రాముల ఫినాల్ పోగైనప్పుడు స్వేచ్ఛా ఫినాల్ 0.1 గ్రాము, అంటే 100 మి.గ్రా. వ్యర్థజలంలో లీటరుకు 10 గ్రాములుంటే తేడా భారీగా ఉండి ఫినాల్ వేగంగా తరలివస్తుంది. వ్యర్థజలంలో 1 మి.గ్రా. మాత్రమే ఉంటే అంత గాఢ ద్రావణాన్ని తయారుచేయడం అసాధ్యం. పైగా ఫినాల్ వెనక్కే నడుస్తుంది. ఇది పరికరం లోపం కాదు, వ్యాపన నియమం.

ఇక ఘనపరిమాణం సంగతి. నాగోలు కేంద్రపు 172 మిలియన్ లీటర్ల నీటిలో లీటరుకు 1 మి.గ్రా. ఫినాల్ ఉన్నదని లెక్క కోసం అనుకుందాం. ఇది కొలిచిన విలువ కాదు, ఉపరితల జలాల పరిమితిని ఆధారంగా తీసుకున్న ఊహ. అప్పుడు రోజుకు నీటిలో ఉండే ఫినాల్ 172 కిలోలు. ఒక చదరపు మీటరు త్వచం గంటకు 20 లీటర్ల చొప్పున రోజుకు 480 లీటర్ల నీటిని పంపగలదనుకుంటే, ఆ మొత్తం నీటికి సుమారు 3.58 లక్షల చదరపు మీటర్ల త్వచం కావాలి. సుమారు 37 చదరపు మీటర్ల వైశాల్యం గల ఎనిమిది అంగుళాల ఆర్.ఓ. గొట్టాలు దాదాపు 9,700 అవసరమవుతాయి.

అదే 172 కిలోల ఫినాల్ పరిశ్రమ ఆవరణలో, ఇతర నీటితో కలవకముందు, లీటరుకు 10 గ్రాముల గాఢతలో ఉన్నదనుకుందాం. అప్పుడు నీటి పరిమాణం 17,200 లీటర్లు, అంటే ఒకటి రెండు ట్యాంకర్లు. అదే వేగంతో కావలసిన త్వచం సుమారు 36 చదరపు మీటర్లు, అనగా ఒక్క గొట్టం. అంత గాఢతలో వాడవలసింది ఆర్.ఓ. కాదు, సిలికోన్ వంటి త్వచం కాబట్టి వేగాలు మారతాయి. అయినా ఫినాల్ బరువు మారకుండానే పని పరిమాణం పదివేల రెట్లు పెరిగిందన్న సత్యం మారదు. ఆ పదివేల రెట్ల భారాన్ని మోపింది పలుచబరచడమే.

పలుచబరచితే విడుదల ప్రమాణం అంకెల్లో నెరవేరవచ్చు, కాని రాబట్టే అవకాశం శాశ్వతంగా పోతుంది. ఆ తరువాత మిగిలేది జీవ శుద్ధి ఒక్కటే. మిల్లీగ్రాముల స్థాయిలో సరళ ఫినాల్‌కు అదే తగిన, చౌకైన మార్గం కూడా. గ్రాముల స్థాయిలో త్వచం, మిల్లీగ్రాముల స్థాయిలో బాక్టీరియా అన్నది విద్యార్థులు గుర్తుంచుకోదగిన విభజన.

మిగిలే ఉప్పు

రాబట్టే పద్ధతికి కూడా మూల్యం ఉన్నది. ఒక కిలో ఫినాల్‌ను బంధించడానికి కనీసం 425 గ్రాముల కాస్టిక్ సోడా, విడిపించడానికి 387 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. ఫలితంగా 621 గ్రాముల సోడియం క్లోరైడ్ మిగులుతుంది. పై ఉదాహరణలోని 172 కిలోల ఫినాల్‌కు ఇది రోజుకు సుమారు 107 కిలోల ఉప్పు. రసాయన ఇంజినీరుకు ఇది చిన్న విషయం కావచ్చు, సేద్య శాస్త్రవేత్తకు కాదు. ఫినాల్‌ను తొలగించామన్న పేరుతో ఆ ఉప్పును సాగునీటికి చేరిస్తే నేలలో సోడియం పెరుగుతుంది. ఫినాల్ విచ్ఛిన్నమవుతుంది, సోడియం కాదు. అందుచేత ఇటువంటి యూనిట్ ప్రతిపాదనను పరిశీలించేటప్పుడు ఉప్పు నీటి గమ్యం ఏమిటన్నది తప్పక అడగవలసిన ప్రశ్న.

వ్యవసాయాధారిత పరిశ్రమలకు అన్వయం

మధ్యధరా దేశాలలో ఆలివ్ నూనె గానుగల వ్యర్థజలాన్ని వరుసగా సూక్ష్మ, అతిసూక్ష్మ, నానో వడపోతల గుండా పంపి హైడ్రాక్సీటైరోసాల్ వంటి విలువైన ఫినాళ్లను గాఢపరిచే పద్ధతులు అభివృద్ధి చెందాయి. అక్కడ వ్యర్థమే సరుకు. తెలుగు రాష్ట్రాలలో దీనికి దగ్గరి ఉదాహరణలు ఉప్పుడు బియ్యం మిల్లులలో వడ్లు నానబెట్టిన నీరు, పలాస ప్రాంతపు జీడి పరిశ్రమ. జీడిపిక్కల పెంకు నూనెలోని అనకార్డిక్ ఆమ్లం, కార్డనాల్, కార్డాల్ ఫినాళ్ల కుటుంబానికి చెందినవే. వడ్లు నానిన నీటిలో ఫినాళ్లతో పాటు చక్కెరలు, పిండి పదార్థాలు, ఘన కణాలు ఉంటాయి కనుక ముందు వాటిని తొలగించకపోతే త్వచం కొద్దికాలంలోనే మూసుకుపోతుంది. మూలం వద్దనే, ఇతర నీటితో కలవకముందే అన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. నీటి నమూనాను గాజు సీసాలో సేకరించి, ఆమ్లీకరించి, చల్లగా ఉంచి త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. లేకుంటే దారిలోనే బాక్టీరియా ఫినాల్‌ను తినివేసి, నివేదిక అసలు కంటే తక్కువ చూపుతుంది.

2. సాధారణంగా వాడే 4–అమైనోయాంటీపైరిన్ పరీక్ష పారా–క్రెసాల్ వంటి కొన్ని ఫినాళ్లను సరిగా గుర్తించలేదు. ‘లేవు’ అన్న నివేదికను ఏ ఫినాళ్లూ లేవని అర్థం చేసుకోరాదు. ఆ పరీక్ష మొక్కల నుంచి వచ్చిన ఫినాళ్లను, కర్మాగారం నుంచి వచ్చినవాటిని విడదీసి చూపదు. అనుమానం ఉన్నచోట క్రొమటోగ్రఫీ పరీక్ష కోరాలి.

3. నమూనాతో పాటు పి.హెచ్., విద్యుత్ వాహకత, సేకరించిన వేళ నమోదు చేయాలి. పారిశ్రామిక విడుదలలు రోజంతా ఒకేలా ఉండవు కనుక ఒక్క నమూనాపై ఆధారపడరాదు.

4. పొలం స్థాయిలో ఆర్.ఓ. యూనిట్లను ఫినాల్ నివారణకు సిఫారసు చేయరాదు. ఫినాల్ పూర్తిగా ఆగదు. మిగులు నీటికి గమ్యం ఉండదు. గడ్డి, వరి పంటల రాబడి ఆ ఖర్చును మోయలేదు.

5. వాసన పోవడానికి కాలువ నీటికి, బావి నీటికి బ్లీచింగ్ పౌడరు కలపడాన్ని నిరుత్సాహపరచాలి. ఫినాల్ ఉంటే వాసన పెరుగుతుంది, తొలగించడానికి మరింత కష్టమైన పదార్థాలు ఏర్పడతాయి.

6. నదీ తీరపు ఊటబావులను సాగునీటి దృష్టితోనే కాక, తాగునీటి పరిమితి దృష్టితో కూడా పరీక్షించాలి. పశువులు, కూలీలు తాగేది ఆ నీరే కావచ్చు.

ముగింపు

నీటి నుంచి ఫినాల్‌ను వేరుచేసే త్వచాలు ఉన్నాయి, వాటి సూత్రాలు స్పష్టంగా తెలుసు. అయితే ఆవల ఫినాల్‌ను బంధించే ఏర్పాటు, ఈవల తగినంత గాఢత ఉన్నప్పుడే త్వచం దానిని తిరిగి రాబట్టగలదు. ఈ రెండూ పరిశ్రమ ఆవరణలో సాధ్యం. నాగోలు వద్ద సాధ్యం కాదు. దిగువన గడ్డి మడి వద్ద అసలే కాదు. అందువల్ల వడపోత గురించి అడిగే రైతుకు ఇవ్వవలసిన సమాధానంలో రెండు భాగాలుండాలి. అతని కాలువ దగ్గర పెట్టే త్వచం ఈ సమస్యను తీర్చదన్నది మొదటిది. అతని కాలువలోని నీటిని కొలవడం, ఆ అంకెలను సాగునీటి గడి ఖాళీగా ఉన్న ప్రమాణాల పట్టిక ముందు ఉంచడం వ్యవసాయ శాస్త్రవేత్తల బాధ్యత అన్నది రెండవది. అటువంటి కొలతలు పోగైతేనే ఆ గడిలో ఎంత అంకె ఉండాలో నిర్ణయించడానికి ఆధారం దొరుకుతుంది. త్వచాన్ని మూలం వద్ద బిగించవలసిన అవసరమూ అప్పుడే పరిశ్రమకు ఏర్పడుతుంది.